ముందు బ్రేకు మెత్తబడితే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు పనికి పోయేవారు ఎక్కువ. బీర్పూర్ వంటి గ్రామాలలో అట్లా పోయినవారి ఇండ్లముందు, వసారాలో గోనెపట్టా కప్పుకొని, రెండు మూడేండ్లు కదలకుండా నిలిచి ఉన్న మోటారు సైకిళ్ళు కనిపిస్తూ ఉంటవి. యజమాని తిరిగి వచ్చిన తరువాత దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీ వేసి, ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి కిక్కు కొడితే ఇంజను నాలుగైదు దెబ్బలకు అందుకుంటుంది. వెనుక బ్రేకు తొక్కితే పడుతుంది. ముందు బ్రేకు మీట పట్టి లాగితే మాత్రం అది బాగా మాగిన సపోటాపండును నొక్కినట్లు మెత్తగా లోపలికి పోయి హ్యాండిలుకు తగులుతుంది. బండి ఆగదు. అడ్డమీది మేస్త్రీ ఒకసారి మీట నొక్కి చూసి, "ఎయిర్ పట్టింది" అంటాడు.

ఆ ఒక్క మాట వెనుక మూడున్నర శతాబ్దాల భౌతికశాస్త్ర చరిత్ర ఉన్నది. మన పాఠ్యగ్రంథాలలో పాస్కల్ నియమం కింద జలపీడన యంత్రం బొమ్మ ఒకటి వేసి, దూదిబేళ్ళను అదమటానికి అది పనికివస్తుందని రాసి ఊరుకుంటారు. అదే యంత్రం బడి ముందర వేపచెట్టు కింద నిలిచిన ఉపాధ్యాయుని మోటారు సైకిలు మీదనే ఉన్నదని చెప్పేవారు తక్కువ. ఇది కొంత విచారించవలసిన విషయమే.

ముందు బ్రేకు ఎందుకంత ముఖ్యమో మొదట తెలుసుకోవాలి. "ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుంది, వెనుక బ్రేకే క్షేమం" అనే నమ్మకం పల్లెలలో బలంగా ఉన్నది. ఇసుకమీద, తడిసిన బురదమీద, మలుపు తిరుగుతున్నప్పుడు ముందు చక్రాన్ని గట్టిగా బిగబడితే పడిపోవటం నిజమే. కాని పొడిగా, తిన్నగా ఉన్న రోడ్డుమీద లెక్క వేరు. బ్రేకు వేసినప్పుడు రోడ్డు చక్రాలను వెనుకకు లాగుతుంది. ఆ లాగుడు నేలమట్టాన పనిచేస్తుంది. బండియొక్కయు, మనిషియొక్కయు గురుత్వకేంద్రం నేలకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కింద లాగి, పైన వదిలిపెట్టిన వస్తువు ముందుకు ఒరగాలని చూస్తుంది కదా. ఆ ఒరుగుడువల్ల బరువు వెనుక చక్రం మీదనుంచి ముందు చక్రం మీదికి జరుగుతుంది. రెండు చక్రాల నడుమ దూరం 130 సెంటీమీటర్లు అనుకొని, గురుత్వ త్వరణంలో పదింట ఏడు వంతుల వేగంతో బండిని ఆపుతున్నామనుకుంటే, మొత్తం బరువులో సుమారు మూడింట ఒక వంతు ఇట్లా ముందుకు జరుగుతుంది. నిలకడగా ఉన్నప్పుడు చెరిసగంగా ఉన్న భారం బ్రేకు వేళ ముందు చక్రం మీద నూటికి 82, వెనుక చక్రం మీద 18 అవుతుంది. భారం లేని చక్రానికి రోడ్డుమీద పట్టు ఉండదు. అందుకనే వెనుక బ్రేకును ఎంత గట్టిగా తొక్కితే చక్రం అంత తొందరగా తిరగటం మానేసి జారటం మొదలుపెడుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. రెండు బ్రేకులూ బాగుండి సెకను సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గితే అది 23 మీటర్లలో ఆగుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే అయితే సెకను సెకనుకు 3 మీటర్లకు మించి వేగం తగ్గటం కష్టం. అప్పుడు 46 మీటర్లు కావాలి. రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చినప్పుడు, వరి కుప్పలు ఆరబోసిన సగం రోడ్డుమీద ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడు ఈ 23 మీటర్ల తేడా ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆపటం అంటే ఏమిటి? మనిషితో సహా 220 కిలోగ్రాములున్న బండి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలోని గతిజశక్తి సుమారు 30,500 జౌళ్ళు. నూరు గ్రాముల నీటిని 27 డిగ్రీలనుంచి మరిగే స్థానానికి తేవటానికి సరిగ్గా ఇంత వేడి కావాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ ఇంచుమించు ఒక చిన్న గ్లాసెడు టీ కాచినంత వేడి పుట్టి, అది ఒక ఇనుపబిళ్ళలోనికో, డ్రమ్ములోనికో పోతుందన్నమాట. బ్రేకుల చరిత్ర అంతా ఈ రెండు చిక్కులను గెలవటానికి చేసిన ప్రయత్నమే: చేతి చిన్న బలాన్ని పెద్ద బలంగా మార్చటం ఒకటి, పుట్టిన వేడిని భరించటం రెండవది.

మొదటి మోటారు సైకిళ్ళు ఇంజను తగిలించిన సైకిళ్ళే కాబట్టి వాటికి సైకిలు బ్రేకులే ఉండేవి. కమ్మీ లాగితే రబ్బరు దిమ్మెలు చక్రపు అంచుకు ఒరుసుకొనేవి. నేటికీ పాత సైకిళ్ళకు ఈ ఏర్పాటే ఉన్నది. వాన పడితే అది ఎట్లా జారిపోతుందో పల్లె విద్యార్థులకు తెలిసినదే. 1896లో ఎర్నెస్టు బౌడెన్ పేరున బ్రిటనులో పేటెంటు పొందిన తీగ ఈ కమ్మీల స్థానాన్ని ఆక్రమించింది. చుట్టలుచుట్టలుగా అల్లిన గొట్టంలోపల ఉక్కుతీగ నడిచే ఈ ఏర్పాటులో ఒక చమత్కారం ఉన్నది. తీగ లాగుతుంది, దానిమీది గొట్టం అంతే బలంతో నెడుతుంది. చక్రం అటూ ఇటూ తిరిగినా, ముందు ఫోర్కు కిందికి మీదికి ఊగినా లాగుడు మారదు.

ఒరుసుకొనే పదార్థం విషయంలో హెర్బర్టు ఫ్రూడ్ అనే ఆంగ్లేయుని కథ ఆసక్తికరమైనది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండప్రాంతంలో, దిగుడు బాటలలో గుర్రపుబండ్లు నడిపేవారు కొయ్య బ్రేకు దిమ్మెకు పాత చెప్పుతోలు తొడిగి వాడటం ఆయన గమనించినాడు. కొయ్యకంటె తోలు బాగా పట్టటం చూసి, గట్టి బట్టను జిగురుపదార్థాలలో నానబెట్టి దిమ్మెలు చేసినాడు. 1897లో పెట్టిన ఆయన కంపెనీకి తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి "ఫెరోడో" అని పేరు పెట్టినాడు. బట్ట వేడికి మాడిపోవటంతో తరువాత ఆస్బెస్టాస్ వచ్చింది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన రాతినార ఇదే. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమైన వ్యాధులు కలిగిస్తుందని రుజువైన తరువాత అనేక దేశాలు బ్రేకులలో దానిని మానినవి. పాత బండి బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు లోపలి బూడిదరంగు పొడిని నోటితో ఊదటం, గాలిపంపుతో కొట్టటం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించాలి. తడిబట్టతో తుడవటమే పద్ధతి. ఆస్బెస్టాస్ పోయినా బ్రేకు అట్టల మిశ్రమంలో బరువుకూ నిలకడకూ వాడే ముగ్గురాయి మాత్రం నిలిచింది. దాని గనులలో ప్రపంచంలోనే పేరుపొందిన మంగంపేట కూడ కడప సీమదే.

1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించినాడు. తిరిగే డోలులోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు విప్పుకొని గోడకు ఒత్తుకుంటవి. ఈ రెండింటిలో ఒకదానిని చక్రపు తిరుగుడే గోడలోనికి మరింత లాగుతుంది. రెండవదానిని వెనుకకు నెడుతుంది. మొదటిది ముందు నడిచే షూ, రెండవది వెనుక నడిచే షూ. ముందు నడిచే షూ తన బలాన్ని తానే పెంచుకుంటుంది కనుక తీగతో లాగినా మోటారు సైకిలును ఆపటానికి సరిపోయింది. 1955లో మద్రాసులో తయారు కాసాగిన బుల్లెట్టు, 1961లో మైసూరులో వెలువడిన జావా, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇవన్నీ డ్రమ్ము బ్రేకుల బండ్లే. మన దేశంలో పాత మోటారు సైకిలు అంటే ఎక్కువగా ఇదే.

తీగ బ్రేకు కూడ మెత్తబడుతుంది, అయితే దానికి గాలితో పని లేదు. పాతబడిన తీగ సాగుతుంది, దాని గొట్టం చుట్టలు స్ప్రింగువలె కుంచించుకొంటవి. చేతి కదలికలో సగం అక్కడనే ఖర్చవుతుంది. షూలు అరిగినకొద్దీ వాటిని విప్పే క్యాము ఎక్కువ కోణం తిరగవలసి వచ్చి, తీగ లాగే చేయి లంబకోణం దాటిపోతుంది. లంబకోణం దాటిన తులాదండానికి బలం తగ్గుతుందని తొమ్మిదవ తరగతి పిల్లవానికీ తెలుసు. తీగ బిగించే మరను ఎంత తిప్పినా ఈ దోషం పోదు, షూలే మార్చాలి. కొత్త షూలు వేసి చక్రం ఎక్కించేటప్పుడు ఇరుసు నట్టును వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టి, పట్టిన చేయి వదలకుండా నట్టు బిగించాలి. అప్పుడు షూల పలక డ్రమ్ముకు నడిమధ్యన కూర్చుంటుంది. ఇంత చిన్న పని చేయకపోవటంచేత కొత్త షూలు వేసినా బ్రేకు పట్టని బండ్లు ఎన్నో ఉన్నవి.

ఇప్పుడు ద్రవాల కథకు వద్దాము.

మూసిన పాత్రలోని ద్రవంమీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ తగ్గకుండా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశీయుడు బ్లేజ్ పాస్కల్ 1650 ప్రాంతంలో స్థాపించినాడు. ద్రవాల సమతాస్థితిని గూర్చి ఆయన రాసిన గ్రంథం 1663లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడు, అచ్చయింది. చిన్న పిస్టనుమీద ఒక మనిషి ఒత్తితే, దానికి నూరు రెట్లు వైశాల్యమున్న పెద్ద పిస్టను నూరుగురు మనుషుల ఒత్తిడిని ఆపగలదని ఆయన చెప్పినాడు. అయితే దానికి ఒక షరతు ఉన్నది: ద్రవం నలగకూడదు. ఆ రోజులలోనే ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు ప్రయోగ పరిషత్తువారు వెండిగోళంలో నీరు నింపి మూసి సుత్తితో కొట్టి చూసినారు. గోళం నలిగింది కాని నీరు నలగలేదు. వెండి గోడలోనుంచి చెమటవలె బయటికి వచ్చింది. నీరు అసలు నలగదని వారు తలచినారు. 1762లో జాన్ కాంటన్ అనే ఆంగ్లేయ ఉపాధ్యాయుడు నీరు కూడ బహు స్వల్పంగా నలుగుతుందని నిరూపించినాడు. ఎంత స్వల్పమంటే, వాతావరణ పీడనానికి ఇరవై రెట్లు ఒత్తిడి పెట్టినా ఘనపరిమాణంలో తగ్గేది వెయ్యింట ఒక వంతు.

పాస్కల్ చెప్పిన యంత్రం పనిలోనికి రావటానికి నూటముప్పై ఏండ్లకు పైగా పట్టింది. కారణం సిద్ధాంతంలో లేదు, పిస్టను పక్క సందులోనుంచి కారిపోయే నీటిలో ఉన్నది. ఒత్తిడి పెంచినకొద్దీ కారుడు పెరిగేది; కారకుండా గట్టిగా బిగిస్తే పిస్టను కదిలేది కాదు. 1795లో జలపీడన యంత్రానికి పేటెంటు పొందిన జోసెఫ్ బ్రామా ఈ చిక్కులోనే పడినాడు. దానిని విడదీసిన ఉపాయం ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లేది అంటారు. పిస్టను చుట్టూ బోర్లించిన గిన్నెవంటి తోలు పట్టీ పెట్టినారు. లోపలి నీటి ఒత్తిడే ఆ గిన్నె అంచును గోడకు అదుముతుంది. ఒత్తిడి ఎక్కువైతే అదుముడూ ఎక్కువ. ఒత్తిడి పోతే అంచు వదులై పిస్టను సులభంగా వెనుకకు వస్తుంది. శత్రువు బలంతోనే శత్రువును కట్టివేసిన ఉపాయమిది. నేడు మోటారు సైకిలు హ్యాండిలుమీది మాస్టరు సిలిండరు విప్పితే లోపల చిటికెనవేలి గోరంత రబ్బరు గిన్నె కనిపిస్తుంది. అది ఆ తోలు గిన్నెకు మునిమనుమరాలు.

ద్రవాన్ని వాహనాల బ్రేకులకు ఉపయోగించినవారిలో ముఖ్యుడు అమెరికాలోని మాల్కం లాక్‌హీడ్. 1917లో ఆయన పేటెంటు పొందినాడు. 1921లో డ్యూసెన్‌బెర్గు కారు, 1924లో క్రైస్లరు కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వచ్చినవి. మొదట తోలు గిన్నెలే వాడినా, అవి కారటంతో క్రైస్లరు ఇంజనీర్లు రబ్బరు గిన్నెలకు మారినారు. రబ్బరు వచ్చిన వెంటనే మరో ప్రశ్న వచ్చింది: గొట్టంలో పోసే ద్రవం ఏది? ఖనిజతైలం పోస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఉత్త నీరు పోస్తే ఇనుము తుప్పు పడుతుంది. అప్పుడు పనికి వచ్చినది మన తెలంగాణ మెట్ట పొలాలలో, ముఖ్యంగా నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పండే ఆముదం! ఆముదం సహజ రబ్బరును చెడగొట్టదు. పైగా ఇతర కాయగింజల నూనెలు ఆల్కహాలులో సరిగా కరగవు, ఆముదం కరుగుతుంది. దానిలోని ఆమ్లపు అణువులలో ఉన్న హైడ్రాక్సిలు సముదాయమే దీనికి కారణం. చిక్కని ఆముదాన్ని ఆల్కహాలుతో పలుచన చేసి ఎన్నో ఏండ్లు బ్రేకులలో వాడినారు. నల్లగొండలోనో, మరెక్కడనో పండిన గింజ ఖండాంతరాలలో కార్లను ఆపిందన్న మాట.

కాని ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది. కార్ల వేగం పెరిగి బ్రేకుల వేడి పెరిగినకొద్దీ గొట్టాలలో ద్రవం ఆవిరి కాజొచ్చింది. అందుచేత రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి కాలంలో గ్లైకాలు జాతి ద్రవాలు వచ్చినవి. అమెరికా రవాణాశాఖ ప్రమాణాల ప్రకారం నేడు డబ్బాలమీద "డాట్ 3", "డాట్ 4" అని ఉండే ద్రవాలు ఇవే. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీలదాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు. ఈ ద్రవాలకు ఒక గుణం ఉన్నది, దానిని మంచి అనాలో చెడు అనాలో చెప్పటం కష్టం: ఇవి గాలిలోని తేమను పీలుస్తవి. చేరిన కొద్దిపాటి నీరు ఒకచోట బొట్టుగా నిలవక కలిసిపోతుంది గనుక ఒకేచోట తుప్పు పట్టదు, అది మేలు. కాని నీరు చేరినకొద్దీ మరిగే స్థానం పడిపోతుంది. సుమారు నూటికి మూడున్నర వంతుల నీరు చేరిన స్థితికి ప్రమాణాలు డాట్ 3కు 140, డాట్ 4కు 155 డిగ్రీలను కనీసపు హద్దుగా పెట్టినవి. మూత గట్టిగా ఉన్నా, రబ్బరు గొట్టపు గోడలోనుంచి కూడ తేమ కొద్దికొద్దిగా చొరబడుతుంది. వసారాలో మూడు వానకాలాలు గడిపిన బండిలోని ద్రవం తేనెరంగుకు, ఆపైన కషాయంరంగుకు మారటం ఇందువల్లనే. కదలని బండి పాడుకాదు అనుకోవటం పొరపాటు.

బిళ్ళ బ్రేకు, అనగా డిస్కు బ్రేకు, ఆలోచన కూడ పాతదే. 1902లోనే బ్రిటనులో ఫ్రెడరిక్ లాంచెస్టరు దానికి పేటెంటు పొందినాడు. రాగి అట్టలు లోహపుబిళ్ళను రెండువైపులా పట్టినప్పుడు వచ్చే కీచుధ్వని భరించరానిదై అది మూలబడింది. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వారు కారు గెలిచిన తరువాత లోకం దానివైపు తిరిగి చూసింది. బిళ్ళ బయటి గాలిలో తిరుగుతుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది. డ్రమ్మువలె వేడికి వ్యాకోచించి షూలకు దూరం కాదు. ద్విచక్ర వాహనాలలో 1962లో లాంబ్రెట్టా స్కూటరు తీగతో నడిచే డిస్కును ముందు చక్రానికి పెట్టింది. 1969లో జపానునుంచి వచ్చిన హోండా సీబీ 750 ద్రవపు డిస్కు బ్రేకును పెద్ద ఎత్తున మోటారు సైకిళ్ళకు తెచ్చింది. మన దేశంలో సామాన్యుని బండికి దానిని పరిచయం చేసినవాటిలో 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్ ప్రముఖమైనది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీలకు మించిన ద్విచక్ర వాహనాలకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును, అంతకు లోపు వాటికి రెండు బ్రేకులనూ కలిపే ఏర్పాటును తప్పనిసరి చేసినారు. అంతకు ముందటి బండ్లలో చాలావాటికి ఆ రక్షణ లేదు. వాటిని కాపాడేది నడిపేవాని వేళ్ళకు తెలిసే గట్టిదనమే.

ఆ గట్టిదనం ఎక్కడ పోతుంది? కొన్ని అంకెలు తీసుకుందాము. ప్రతి బండికీ ఇవే అంకెలు కావు, లెక్కకు అనువైనవి. మాస్టరు సిలిండరు పిస్టను అడ్డుకొలత 12.7 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 1.27 చదరపు సెంటీమీటర్లు. చక్రం దగ్గర క్యాలిపరులోని పిస్టను అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు; వైశాల్యం 11.34. వేళ్ళతో 5 కిలోల బలం పెడితే మీట దానిని 5 రెట్లు చేసి 25 కిలోలుగా పిస్టనుకు ఇస్తుంది. ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 20 కిలోలు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు ఇరవై రెట్లు. క్యాలిపరు పిస్టను బిళ్ళమీద అట్టను నొక్కే బలం సుమారు 223 కిలోలు! రెండు వడ్లబస్తాలకు మించిన బరువు, నాలుగు వేళ్ళ కొనలనుంచి.

ప్రకృతి ఉచితంగా ఏమీ ఇవ్వదు. బలం పెరిగినచోట కదలిక తగ్గుతుంది. మాస్టరు పిస్టను 9 మిల్లీమీటర్లు కదిలితే క్యాలిపరు పిస్టను కదిలేది ఒక్క మిల్లీమీటరు. అందువల్లనే బ్రేకు అట్టను బిళ్ళకు మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల దూరంలోనే నిలుపుతారు. దీనిని నిలిపేది పిస్టను చుట్టూ ఉన్న చతురస్రపు రబ్బరు వలయం. పిస్టను ముందుకు పోయినప్పుడు అది కొద్దిగా మెలిపడి, ఒత్తిడి పోగానే తిన్ననై పిస్టనును ఆ కొంచెమే వెనుకకు లాగుతుంది. ఈ సందును పూడ్చటానికి, గొట్టం కొద్దిగా ఉబ్బటానికి కలిపి 0.3 ఘన సెంటీమీటరు ద్రవం చాలు. మాస్టరు పిస్టను పూర్తిగా 10 మిల్లీమీటర్లు పోతే తోసే ద్రవం 1.27 ఘన సెంటీమీటర్లు. అంటే మంచి బ్రేకులో మీట కొన ఒకటింపావు సెంటీమీటరు కదలగానే గోడకు తగిలినట్లు నిలిచిపోతుంది.

ఇప్పుడు ఆ గొట్టంలో ఒక ఘన సెంటీమీటరు గాలిబుడగ ఉన్నదనుకుందాము. చిన్న సెనగగింజంతటివి కొన్ని కలిస్తే అంతవుతుంది. పాస్కల్ సమకాలికుడైన రాబర్టు బాయిల్ 1662లో ప్రకటించిన నియమం ప్రకారం, ఇరవై రెట్ల ఒత్తిడిలో ఆ గాలి ఇరవైయవ వంతుకు, అంటే 0.05 ఘన సెంటీమీటరుకు కుంచించుకొంటుంది. ఈ కుంచించుకోవటం మింగివేసిన ద్రవం 0.95. దానికి మామూలు ఖర్చు 0.3 కలిపితే 1.25. పిస్టను తోయగలిగినది మొత్తం 1.27 కదా! మీట కొన ఒకటింపావుకు బదులు దాదాపు ఐదు సెంటీమీటర్లు పోయి హ్యాండిలుకు ఆనుకుంటుంది. అక్కడికి వచ్చేటప్పటికి వేళ్ళకు ఇక తావు లేదు. బాయిల్ తన గాలి ప్రయోగాలలో గాలికి స్ప్రింగు గుణం ఉన్నదని చెప్పినాడు; మేస్త్రీ వేళ్ళకు తగిలే సపోటాపండు మెత్తదనం ఆ స్ప్రింగే. ఒక గొట్టంలో పాస్కల్ కావాలంటే బాయిల్‌ను బయటికి పంపక తప్పదు.

గాలి ఎట్లా చేరుతుంది? అట్టలు అరిగినకొద్దీ క్యాలిపరు పిస్టను బయటికి జరిగి, పైడబ్బాలోని ద్రవమట్టం దిగుతుంది. చూసుకోకపోతే రంధ్రంలోనుంచి గాలి పోతుంది. బండి పక్కకు పడిపోయినప్పుడు, అరిగిన రబ్బరు గిన్నె అంచునుంచి కూడ పోవచ్చు. ఇది కాక, పాత తేమ ద్రవం వేడికి మరిగి తాత్కాలికంగా ఆవిరిబుడగలు పుట్టటం మరొకటి. ఉదయం గట్టిగా ఉన్న బ్రేకు కొండగట్టు దిగేటప్పుడు మెత్తబడి, బండి చల్లారిన తరువాత మళ్ళీ గట్టిపడితే అది ఆవిరి పని. ఇది గాలికంటె ఎక్కువ ప్రమాదకరమైనది, ఎందుకంటే మేస్త్రీ దగ్గరికి పోయేసరికి జబ్బు కనిపించదు.

దోషం ఏదో మీటే చెప్తుంది. వెంటవెంటనే నాలుగుసార్లు నొక్కితే గట్టిపడి, కొంతసేపు ఆగితే మళ్ళీ మెత్తబడితే గాలి ఉన్నదని అనుమానించవచ్చు. గట్టిగా పట్టుకొని ఉంటే మీట నెమ్మదిగా దిగిపోతూ, బయట ఎక్కడా చెమ్మ కనిపించకపోతే మాస్టరు సిలిండరులోని గిన్నె అరిగినట్లు. నొక్కినప్పుడు రబ్బరు గొట్టం పట్టుకొని చూస్తే వేళ్ళకు ఉబ్బు తెలిస్తే గొట్టం పాతబడినట్లు. గతుకుల రోడ్డుమీద పోయిన తరువాత మొదటి నొక్కు మాత్రమే లోతుగా పోతే బిళ్ళ వంకర పోయి అట్టలను వెనుకకు నెడుతున్నట్లు.

గాలి తీసే పద్ధతి చూడటానికి సులువు. క్యాలిపరుమీద ఉన్న చిన్న నిపిలుకు పారదర్శకపు గొట్టం తొడిగి, దాని కొనను కొద్దిగా ద్రవమున్న సీసాలో ముంచాలి. ఒకరు మీట నొక్కి పట్టుకోవాలి, మరొకరు నిపిలు పావుచుట్టు వదులుచేసి, ద్రవం రాగానే బిగించాలి. బిగించిన తరువాతనే మీట వదలాలి. ఈ వరుస తప్పితే పోయినంత గాలీ తిరిగి లోపలికి వస్తుంది. పైడబ్బా ఎండిపోకుండా మాటిమాటికి కొత్త ద్రవం పోస్తూ ఉండాలి. సీసాలో బుడగలు రావటం ఆగి, కషాయంరంగు పోయి కొత్త ద్రవపు లేత రంగు వచ్చేదాకా ఇది సాగాలి.

ఇంత చేసినా మోటారు సైకిలు ముందు బ్రేకు ఒక్కొక్కప్పుడు లొంగదు. దీనికి కారణం గాలి స్వభావంలోనే ఉన్నది. మాస్టరు సిలిండరు పైన, క్యాలిపరు కింద. ద్రవం కిందికి పోతుంటే బుడగ పైకి ఎక్కాలని చూస్తుంది; ప్రవాహం మందంగా ఉంటే బుడగే గెలిచి, మాస్టరు సిలిండరు పక్కన గొట్టం వంపులో నక్కి కూర్చుంటుంది. కాబట్టి అనుభవజ్ఞులు హ్యాండిలును తిప్పి మాస్టరు సిలిండరు సమతలంగా ఉండేటట్లు చూసి, గొట్టాన్ని వేలితో తట్టుతూ మీటను కొద్దికొద్దిగా, కొస వరకు కాకుండా, చాలాసార్లు ఆడిస్తారు. పైడబ్బాలోని రంధ్రంనుంచి ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తవి. రాత్రి మీటను తాడుతో హ్యాండిలుకు కట్టి తెల్లవారి విప్పటం మరొక వాడుక. ఒత్తిడిలో చిన్నవైన బుడగలు గోడలను వదలి పైకి చేరుకుంటవి. మీట వదలగానే రంధ్రం తెరచుకొని బయటపడుతవి. దీనిని చేతబడి వంటిదని నవ్వేవారున్నారు గాని, ఇందులో భౌతికశాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు.

గల్ఫునుంచి వచ్చినవాని బండికి ఒక్క ద్రవం మార్చితే చాలకపోవచ్చు. మూడేండ్ల తేమకు క్యాలిపరు పిస్టను, దాని జారుడు పిన్నులు బిగుసుకుపోయి ఉంటవి. అటువంటప్పుడు విప్పి శుభ్రం చేసి, రబ్బరు వలయాలు కొత్తవి వేయించాలి. వాటిని పెట్రోలుతోగాని డీజిలుతోగాని కడగరాదు. ఇంజను ఆయిలు ఒక్క చుక్క పైడబ్బాలో పడినా గిన్నెలు ఉబ్బి మొత్తం మార్చవలసి వస్తుంది. ఏ ద్రవం పోయాలో డబ్బా మూతమీదనే పోతపోసి ఉంటుంది. సీలు తీసి నెలలు గడిచిన సీసాలోని ద్రవం కొత్తది కాదు. ద్రవం పెట్రోలు ట్యాంకుమీద చిందితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. పని ముగిసిన తరువాత బండిని రోడ్డుమీదికి తీసుకుపోకముందు, ఎవరూ లేని చదును నేలమీద నడక వేగంతో పోనిచ్చి, రెండు వేళ్ళతో ముందు మీట ఒక్కటే నొక్కి చూస్తారు. మీట ఒకటింపావు సెంటీమీటరు పోయి నిలిచి, ముందు ఫోర్కు ముక్కు వంచితే గాలి పోయినట్లే.